ఘంటసాల ప్రైవేటు రికార్డులు, మన ఇంటి భగవద్గీత

మన ఇంటి పాత వస్తువుల గురించి వరసగా రాసుకుంటూ వస్తున్నాం. ఇత్తడి సామాను అయింది, శేరు, మానిక లాంటి కొలపాత్రలు అయినాయి, భూమి కాగితాలూ అయినాయి. ఈసారి రికార్డుల పెట్టె వంతు. బొమ్మనహళ్ళి ఇంటికి వచ్చిపోయే మనవాళ్ళు చాలామంది దాన్ని చూసే ఉంటారు. మేడమీది గదిలో, బీరువా కింది అరలో, పాత దుప్పటి కప్పి ఉండేది అదే. మదనపల్లె వైపు నుంచి మన పెద్దవాళ్ళు ఇక్కడికి వచ్చి స్థిరపడినప్పుడు బొమ్మనహళ్ళి ఇంకా హోసూరు రోడ్డు పక్క పల్లె. తర్వాత అది పురసభ అయింది, 2007లో బెంగుళూరు మహానగర పాలికెలో కలిసింది, తలమీద ఫ్లైఓవరు వచ్చింది, ఇప్పుడు మెట్రో స్టేషనూ వచ్చింది. ఇంట్లో గోడలు రెండుసార్లు మారినాయి గానీ పెట్టె మారలేదు.

అందులో మూడు రకాల రికార్డులు ఉన్నాయి. జారవిడిస్తే పగిలిపోయే బరువైన 78లు కొన్ని. అరచేతికి కాస్త పెద్దవైన 45 వేగం ఈపీలు కొన్ని. పన్నెండు అంగుళాల ఎల్‌పీలు కొన్ని. ఎక్కువ భాగం సినిమా పాటలే. వాటి గురించి రాసేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. ఈ వ్యాసం మాత్రం అదే పెట్టెలో సినిమాకు సంబంధం లేని ఘంటసాల రికార్డుల గురించి. ముఖ్యంగా వాటిలో ఒక ఎల్‌పీ గురించి. మిగిలిన రికార్డుల అట్టలు అంచులు చిరిగి, నూనె మరకలు పడి, టేపు అతికించి ఉంటే, దీని అట్ట మాత్రం కొత్తదానిలా ఉంది. కారణం అందరికీ తెలిసిందే. అది భగవద్గీత. దాన్ని ఎవరూ పెట్టలేదు.

ఇంట్లో వద్దన్న పాట

ఘంటసాల భగవద్గీత తెలుగువాళ్ళకు ఎట్లా వినబడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆంధ్రలో, తెలంగాణలో, ఇక్కడ మన వీధిలో కూడా, మైకులో ఆ గొంతు మొదలైతే నడిచిపోయే మనిషి ఆగి అడిగే మాట ఒకటే: "ఎవరు పోయినారు?" శవాన్ని తీసుకుపోయే బండి మీద అదే, పెద్దకర్మ రోజు పందిట్లో అదే. పాట మొదటి చరణం దాకా కూడా పోనక్కర్లేదు, గొంతు సవరించుకున్నంతలోనే సంగతి అర్థమైపోతుంది.

అవ్వ ఉన్నన్ని రోజులు ఆ రికార్డును ఇంట్లో పెట్టనీలేదు. "మనుషులు తిరుగుతా ఉండే ఇంట్లో అదెందుకు రా నాయనా, సుప్రభాతం పెట్టుకోండి" అనేది. ఆమె మాటలో మూఢనమ్మకం కంటే అనుభవమే ఎక్కువ. ఆ గొంతు వినబడిన ప్రతిసారీ ఎవరో ఒకరు నిజంగానే పోయి ఉండేవారు. చెవికి అలవాటైన దాన్ని తీసి పక్కన పెట్టడం సులువు కాదు.

అయినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఘంటసాల ఆ రికార్డును చావు ఇంటి కోసం పాడినారా? పాడింది దేనికి, ఎవరికి, ఏ వరసలో? ఈ సంగతి తెలుసుకోవాలంటే ఆ ఎల్‌పీ ఒక్కటే వింటే చాలదు. దానికి ముందు ఆయన సినిమా బయట పాడినవన్నీ ముందు పెట్టుకుని, కాలక్రమంలో వినాలి.

ఇంట్లో కుర్రవాడి పద్ధతి

ఈ పద్ధతి నేర్పింది మన ఇంటి కుర్రవాడే. చిన్నాయన మనవడు ఇంగ్లీషు రాక్ బ్యాండ్ల వినైల్ రికార్డులు కొంటాడు, అందులోనూ ఇండీ అని వాళ్ళు పిలుచుకునేవి. జీతం రాగానే ఒక రికార్డు. వాడికి ఇష్టమైన బ్యాండు ఆర్‌.ఈ.ఎం. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే ఊళ్ళో 1980లో మొదలైంది. 1981లో హిబ్‌టోన్ అనే చిన్న కంపెనీ వాళ్ళ మొదటి సింగిల్ వేసింది. 1983లో వచ్చిన 'మర్మర్' నుంచి 2011లో బ్యాండు ఆపేసేదాకా పదిహేను స్టూడియో ఆల్బంలు. 1997లో డ్రమ్ములు వాయించే బిల్ బెర్రీ వెళ్ళిపోయినాడు. ఆ తర్వాత 1998లో వచ్చిన 'అప్' అనే ఆల్బంను అభిమానులే చాలామంది పక్కన పెట్టేసినారు. ఇప్పుడు అదే ఆల్బంను మళ్ళీ తీసి, ముందువాటి పక్కన పెట్టి, మొదటి వైపు నుంచి చివరి వైపు దాకా పాట దాటేయకుండా విని, తూకం మళ్ళీ వేస్తున్నారు. మొదటిసారి విన్నప్పుడు చెవిలో అడ్డం వచ్చింది ఆల్బం కాదు, డ్రమ్మరు పోయినాడన్న వార్త అని మనవాడి లెక్క.

భగవద్గీత ఎల్‌పీకి కూడా ఇదే కష్టం. రికార్డుకు, మన చెవికి మధ్య ఒక వార్త అడ్డం వచ్చి కూర్చుంది.

ఇండీ అనే మాటకు వాళ్ళ అర్థం, పెద్ద కంపెనీల చేతికింద లేని సంగీతం అని. మనకు దానికి దగ్గరగా ఒక పాత మాట ఉంది, ప్రైవేటు రికార్డు. రేడియోలో కూడా "ప్రైవేటు గీతాలు" అనేవారు. ఇక్కడ ప్రైవేటు అంటే కంపెనీ నుంచి స్వేచ్ఛ కాదు, కంపెనీ హెచ్‌ఎంవీ అంత పెద్దదే. సినిమా నుంచి స్వేచ్ఛ. కథలో నాయకుడి పెదాలకు తగ్గట్టు పాడనక్కర్లేదు. నిర్మాత కోరిక, దర్శకుడి సన్నివేశం లేవు. గాయకుడు తనకు నచ్చిన కవిని తీసుకుని తనకు తోచిన రాగంలో పాడవచ్చు. వేల సినిమా పాటలు పాడిన మనిషికి సొంత మనసు ఏమిటో తెలియాలంటే వినవలసింది అక్కడే.

లక్క పళ్ళెం నుంచి ఎల్‌పీ దాకా

పిల్లల కోసం ముందు కొంచెం రికార్డు కథ చెప్పాలి. పళ్ళెం ఆకారం రికార్డును ఎమిల్ బెర్లినర్ 1887లో తయారు చేసినాడు. మన దేశంలో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినాడు. 1908లో కలకత్తాలోని సియాల్దాలో రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీ పెట్టినారు. 1928లో అది డమ్‌డమ్‌కు పోయింది. మద్రాసులో పాడిన తెలుగు పాట కలకత్తా పోయి పళ్ళెమై మళ్ళీ మన ఊరి అంగడికి వచ్చేది.

ఆ 78లు చేసిన పదార్థం మన లక్కే. చెట్ల కొమ్మల మీద లక్క పురుగు కట్టే బంక. ప్రపంచంలో రికార్డులు చేసే కంపెనీలన్నిటికీ ఆ లక్క ఎక్కువగా మన దేశం నుంచే పోయేది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల పళ్ళెం మీద ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. ఎంత పెద్ద విద్వాంసుడైనా ఆ మూడు నిమిషాల్లోనే తేల్చాలి.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్‌పీ తెచ్చింది. లక్కకు బదులు వినైల్ ప్లాస్టిక్, నిమిషానికి 33⅓ చుట్లు, సన్నటి గాడి, ఒక వైపు ఇరవై నిమిషాలకు పైన. మరుసటేడు ఇంకో కంపెనీ 45 వేగం చిన్న రికార్డు తెచ్చింది. మన దేశంలో మాత్రం 78లు 1960ల చివరి దాకా వస్తూనే ఉన్నాయి, కీ ఇచ్చే గ్రామఫోన్లు ఇళ్ళల్లో ఉన్నాయి కాబట్టి. ఆల్బం అనే మాట కూడా 78ల కాలానిదే. నాలుగైదు రికార్డులను ఫొటోల పుస్తకం లాంటి అట్టల మధ్య పెట్టి అమ్మేవారు. పాట నుంచి పుస్తకం దాకా పోయిన ఈ దారిని గుర్తుపెట్టుకుంటే, ఘంటసాల మూడు నిమిషాల పళ్ళెం నుంచి గంట దాటిన గీత దాకా ఎట్లా పోయినారో తెలుస్తుంది.

విజయనగరం నుంచి హెచ్‌ఎంవీ దాకా

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టినారు. తండ్రి నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. కొడుకు చిన్నతనంలోనే ఆయన పోయినారు. సంగీతం నేర్చుకోవాలని ఆ కుర్రవాడు విజయనగరం పోయి, వారాలు చేసుకుని, మధూకరం అడుక్కుని తిని, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర పాట నేర్చుకున్నారు. విజయనగరం మహారాజా వారి సంగీత కళాశాల 1919లో మొదలైంది. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆయన తర్వాత 1936 నుంచి ఆ పదవిలో ఉన్న ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పుట్టింది మన బెంగుళూరులోనే, 1893లో. ఈ ఊరికి, ఆ గొంతుకు అంత సంబంధం ఉంది.

1942 ఉద్యమంలో జైలుకు వెళ్ళి వచ్చి, సముద్రాల రాఘవాచార్య గారి అండతో మద్రాసు చేరినారు. 'సీతారామ జననం' (1944)లో కోరస్ పాడినారు, 'స్వర్గసీమ' (1945)లో భానుమతి గారితో కలిసి పాడినారు. ఆకాశవాణిలో పాటలు వచ్చినాయి. హెచ్‌ఎంవీలో అప్పుడు పేకేటి శివరామ్ గారు పనిచేసేవారు. 'దేవదాసు'లో భగవాన్ వేషం వేసినది ఆయనే. ఘంటసాల గారి చేత ప్రైవేటు రికార్డు పాడించింది ఆయన. కన్నడం తెలిసిన మన పిల్లలకు ఇంకో మాట: ఈ పేకేటి గారే తర్వాత 'చక్రతీర్థ' (1967), రాజ్‌కుమార్ మూడు వేషాలు వేసిన 'కుల గౌరవ' (1971) సినిమాలకు దర్శకుడు. ఘంటసాల గారు కూడా కన్నడంలో పాడినారు, 1956 నాటి 'ఓహిలేశ్వర'లో ఆయన గొంతును ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు.

అప్పటికి సినిమా బయటి తెలుగు పాటకు బాట పడే ఉంది. సాలూరి రాజేశ్వరరావు, ఆర్. బాలసరస్వతీదేవి గార్లు పాడిన లలిత గీతాల రికార్డులు ఇళ్ళల్లోకి వచ్చినాయి. టంగుటూరి సూర్యకుమారి గారి గొంతులో శంకరంబాడి సుందరాచారి గారి తెలుగుతల్లి పాట ఊరూరా తెలుసు. మరో వైపు రంగస్థలం పద్యాల రికార్డులు. కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యాలకు జనం గ్రామఫోను చుట్టూ మూగేవారు. ఘంటసాల ప్రైవేటు రికార్డు ఈ రెండు దారులూ కలిసే చోట నిలబడింది. లలిత గీతంలోని మెత్తదనం, పద్యంలోని బరువు రెండూ ఆయనకు కావాలి.

రెండు విలాపాలు

పెట్టెలో బాగా అరిగిపోయిన రికార్డు 'పుష్పవిలాపం'. సూది పెడితే పాట కంటే ముందు వాన చప్పుడు వినబడుతుంది. పద్యాలు కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారివి. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేసిన కవి. పూజకు పూలు కోయబోయిన మనిషితో పూలే మాట్లాడతాయి, మా గొంతు ఎందుకు కోస్తావని అడుగుతాయి. 'కుంతీవిలాపం' కూడా ఆయనదే. పెళ్ళికాని తల్లి పసిగుడ్డును పెట్టెలో పెట్టి గంగలో వదిలే ఘట్టం.

ఈ రెండింటినీ మూడు నిమిషాల పరిమితిని మనసులో పెట్టుకుని వినండి. నాటకాల్లో ఒక పద్యం చివర రాగం ఎంతసేపు సాగితే అంత గొప్ప. జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదటికి. లక్క పళ్ళెం మీద అది కుదరదు. ఘంటసాల ఆ ఇరుకును మేలుగా మార్చుకున్నారు. రాగాన్ని పద్యం చివర కుప్ప పోయకుండా మాటల మధ్య పంచినారు. ఏ మాట దగ్గర ఊపిరి తీసుకోవాలో, ఏ మాటను చెవిలో చెప్పినట్టు పాడాలో అర్థమే నిర్ణయిస్తుంది. ఒక్క వైపులో ఇమడని విలాపాన్ని మధ్యలో ఆపి, రికార్డు తిప్పి, సూది మళ్ళీ పెట్టి వినాలి. తిప్పేటప్పటి ఆ నిశ్శబ్దంలో ఇంట్లోవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారని నాయన చెప్పేవారు.

గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. తనకు స్వేచ్ఛ ఉన్న చోట ఘంటసాల ఎంచుకున్నవాటిలో జనం గుండెలో నిలిచినవి దుఃఖపు పద్యాలే. పూల దుఃఖం, కుంతి దుఃఖం. రెండింటిలోనూ ఏడ్చేవాళ్ళకు జవాబు చెప్పేవాళ్ళు లేరు. పూలకు కవి దగ్గర జవాబు లేదు. కుంతికి గంగ దగ్గర లేదు. రికార్డు ఏడుపుతోనే ఆగిపోతుంది. వినేవాడు ఆ బరువుతోనే లేచి పనికి పోవాలి.

జవాబు చెప్పిన రికార్డు

మధ్యలో ఇరవై ఏళ్ళకు పైన సినిమా. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957), ఇంకా ఎన్నో. 1970లో పద్మశ్రీ. 1971లో అమెరికా, ఇంగ్లండు, జర్మనీలలో కచేరీలు. అప్పటికి ఆరోగ్యం దెబ్బతింటూ ఉంది. చక్కెర జబ్బు, గుండె జబ్బు. అటువంటి రోజుల్లో ఆయన భగవద్గీత రికార్డు చేసినారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్ళకే పోయినారు. ఎల్‌పీ ఆయన పోయిన తర్వాత అంగళ్ళలోకి వచ్చింది.

ఇక్కడే చిక్కు మొదలైంది అనుకోవచ్చు. జనం ఆ రికార్డును మొదటిసారి విన్నదే పోయిన మనిషి గొంతుగా. అయితే పాడిన మనిషి మాత్రం బతికి ఉన్నవాడే కదా, జబ్బుతోనైనా పనిచేస్తూ ఉన్నవాడు. ఆ తేడా చెవికి తెలుస్తుంది. విలాపాల్లోని గొంతులా ఇది పైకి లేచి విరగదు. కింది స్థాయిలో, తొందర లేకుండా నడుస్తుంది. శ్లోకం పాడి, తర్వాత తెలుగులో తాత్పర్యం మాటగా చెబుతారు. ఆ మాట చెప్పే తీరు పురాణం చెప్పే పంతులుగారిది కాదు, కోర్టులో వాదించే వకీలుదీ కాదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని మాట్లాడే పెద్దవాడి తీరు. వాద్యాల జోరు లేదు. రాగం మారుతుంది గానీ రాగం కోసం శ్లోకం ఆగదు. మూడు నిమిషాల పళ్ళెం మీద నేర్చుకున్న పొదుపు గంట దాటిన రికార్డులో కూడా విడిచిపెట్టలేదు.

గీతలో ఏడువందల శ్లోకాలు, పద్ధెనిమిది అధ్యాయాలు. ఎల్‌పీ మీద అన్నీ పట్టవు. కొన్ని ఎంచుకోవాలి. మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. రథం మీద కూలబడిపోయిన మనిషి, చేతిలోంచి విల్లు జారిపోయిన మనిషి. విలాపం అక్కడ కూడా ఉంది. తేడా ఏమిటంటే, ఇక్కడ పక్కన ఒకరు ఉన్నారు, జవాబు చెబుతున్నారు. పుట్టినవాడికి చావు తప్పదనే మాట రెండో అధ్యాయంలో వస్తుంది నిజమే. మనవాళ్ళు చావు ఇంట్లో పట్టుకున్నది ఆ ముక్కనే. అయితే ఆ మాట చెప్పింది శవం పక్కన కూర్చున్నవాళ్ళకు కాదు. లేచి చేయవలసిన పని ముందు పెట్టుకుని చేతకాదన్నవాడికి. దాని తర్వాత వచ్చేవన్నీ పని గురించి, తిండి గురించి, నిద్ర గురించి, కోపం గురించి, మనసు నిలబెట్టుకోవడం గురించి. చివరి అధ్యాయంలో అర్జునుడు అనుమానం పోయింది, చెప్పినట్టు చేస్తానని లేస్తాడు. గీత ముగిసేటప్పటికి వినేవాడు నిలబడి ఉన్నాడు.

పుష్పవిలాపం, కుంతీవిలాపం, గీత. ఈ మూడూ ఈ వరసలో వింటే ఘంటసాల గారి ప్రైవేటు రికార్డుల్లో ఒక ప్రయాణం కనబడుతుంది. దుఃఖాన్ని అంత బాగా పాడిన గొంతు, చివరిలో దుఃఖానికి జవాబు పాడింది. ఆయన ఈ వరసను ముందే లెక్కవేసుకున్నారని చెప్పడం లేదు. రికార్డులు పక్కపక్కన పెడితే మనకు వినబడేది అది. ఒక్క గీతనే, అదీ మైకులో, అదీ సగం నుంచి వింటే ఇది తెలిసే దారి లేదు.

చావు ఇంటికి ఎట్లా చేరింది

సుప్రభాతం సంగతి పక్కన పెట్టి చూడండి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం ఎల్‌పీ 1963లో వచ్చింది. అదీ హెచ్‌ఎంవీనే, అదీ సంస్కృతమే, అదీ సినిమాకు బయటిదే. దానికి తెల్లవారు జాము అనే వేళ పుట్టుకతోనే ఉంది. కాబట్టి ప్రతి రోజూ ఇంట్లోకి వస్తుంది. గీతకు ఒక వేళ అంటూ లేదు. వేళ లేని రికార్డుకు జనమే ఒక వేళ వెదికి పెట్టినారు.

యంత్రం కూడా సాయం చేసింది. ఎల్‌పీ వినాలంటే ఇంట్లో కూర్చోవాలి, ఇరవై నిమిషాలకు ఒకసారి లేచి తిప్పాలి. క్యాసెట్టు వచ్చిన తర్వాత ఆ అవసరం పోయింది. మైకు సెట్టువాడు క్యాసెట్టు పెట్టి తన పని చూసుకోవచ్చు. బండిలో పెట్టుకుని ఊరంతా తిరగవచ్చు. చావు ఇంట్లో మాట్లాడడానికి ఎవరికీ మాట రాదు, సినిమా పాట పెట్టకూడదు, ఊరికే ఉండనూ లేరు. తెలుగులో అర్థం చెబుతూ, గంటకు పైగా నడిచే, అందరూ గౌరవించే గొంతు ఒకటి కావాలి. గీత ఆ లోటు తీర్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. దుఃఖంలో ఉన్న లక్షల ఇళ్ళకు ఆ రికార్డు తోడుగా నిలబడింది, అది చిన్న సంగతి కాదు. అవ్వ పోయినప్పుడు మన వాకిట్లోనూ అదే మోగింది, వచ్చినవాళ్ళ మనసు దాని వల్లే కుదుటపడింది.

పోయింది ఏమిటంటే, మిగిలిన రోజులు. బతికి ఉన్నవాడికి చెప్పిన మాటను పోయినవాడి దగ్గర మాత్రమే వినిపిస్తున్నాం. పరీక్ష తప్పిన పిల్లవాడు, ఉద్యోగం పోయిన అల్లుడు, ఏది ధర్మమో తేల్చుకోలేని అన్నదమ్ములు, వీళ్ళే అర్జునుడి చోట కూర్చోవలసినవాళ్ళు. వాళ్ళ ఇంట్లో అది మోగితే పక్కింటివాళ్ళు పరిగెత్తుకు వస్తారు. అంత మంచి రికార్డును ఇంత ఇరుకు వేళలో బిగించేసినాం. మన పెట్టెలో అట్ట నలగకుండా మిగిలిపోవడానికి కారణం ఇదే.

వెదికేవాళ్ళకు, దాచేవాళ్ళకు

మన పెట్టెలో లోటున్నవి కొనాలనుకునే పిల్లలకు నాలుగు మాటలు. బొమ్మనహళ్ళిలో పసుపు మెట్రో ఎక్కి ఆర్‌వీ రోడ్డులో పచ్చ లైనుకు మారి చిక్కపేటలో దిగితే, బీవీకే అయ్యంగార్ రోడ్డు మీద ఆదివారం సంత. పాత గడియారాలు, తాళాలు, రేడియోల మధ్య రికార్డుల కట్టలు ఉంటాయి. తెలుగువి అడుగున ఉంటాయి, ఓపిక పట్టాలి.

కొనేముందు రికార్డును వెలుతురులో వాల్చి చూడండి. గోరుకు తగిలే గీత ఉంటే సూది ఎగురుతుంది, కంటికి మాత్రమే కనబడేది అంత ప్రమాదం కాదు. అట్ట చూసి మోసపోకండి, లోపల వేరే రికార్డు ఉండవచ్చు. మధ్యలో గుండ్రటి కాగితం మీద నంబరు, అట్ట మీది నంబరు ఒకటేనా చూసుకోండి. హెచ్‌ఎంవీ ఎల్‌పీల్లో నంబరు ముందు ఈసీఎల్‌పీ అని ఉంటే మోనో, ఈసీఎస్‌డీ అని ఉంటే స్టీరియో.

78ని ఎల్‌పీ సూదితో పెట్టకండి. ఎల్‌పీ సూది మొన సుమారు 25 మైక్రాన్లు, 78కి కావలసింది దానికి మూడింతలు. గాడి అడుగున పడి చప్పుడే వినిపిస్తుంది, పాట వినబడదు. ఎల్‌పీని శుద్ధమైన నీళ్ళు, మెత్తటి గుడ్డతో తుడవండి. 78ని స్పిరిటుతో అసలు తుడవకూడదు, లక్క స్పిరిటులో కరిగిపోతుంది. ఏ రికార్డునైనా ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల మాదిరి నిలబెట్టండి. ఎండ తగలకూడదు. మీ ఇళ్ళల్లో అటకల మీద ఉన్నవాటిని పాత సామాన్లవాడికి కిలోల లెక్కన వేయకండి, ఒక ఫోను చేస్తే మేమే వచ్చి తీసుకుంటాం.

పెట్టెలో ఇప్పుడు ఘంటసాల ప్రైవేటు రికార్డులన్నీ ఒక అరలోకి తెచ్చి, కాలక్రమంలో పెట్టినాం. మొదట విలాపాలు, చివర గీత. చిన్నాయన మనవడి ప్లేయరుకు 78 సూది కూడా తెప్పించినాం. మార్గశిర శుద్ధ ఏకాదశి గీతా జయంతి. ఆ రోజు సాయంత్రం అన్నం వేళకు ముందు, ఇంట్లో అందరూ ఉండగా, పుష్పవిలాపంతో మొదలుపెట్టి గీత చివరి వైపు దాకా వినాలని అనుకున్నాం. రాగలిగినవాళ్ళు రండి. పక్కింటివాళ్ళకు ముందే చెప్పి ఉంచుతాం, వాళ్ళను కూడా పిలుస్తాం. రాలేనివాళ్ళు మీ మీ ఇళ్ళల్లోనే, ఫోనులోనైనా సరే, మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా ఒకసారి వినండి. అందరూ బాగున్న రోజు చూసి వినండి.